పనిముట్టు ఏ చేతిది?

దుకాణంలో ఏదైనా ఒక కత్తెర చేతిలోకి తీసుకోండి. మొనలు అవతలివైపు చూసేలా పట్టుకుని కొద్దిగా తెరవండి. రెండు అలుగుల్లో పైకి లేచినది కుడిపక్క ఉందా, ఎడమపక్క ఉందా? దాదాపు ప్రతిసారీ కుడిపక్కే ఉంటుంది. ఇప్పుడు కత్తెరను తిరగేసి, కిందున్న పిడి పైకి వచ్చేలా పట్టుకోండి. అలుగులు తారుమారయ్యాయి. అయినా పైకి లేచినది మళ్లీ కుడిపక్కే! కుడికాలి చెప్పును ఎటు తిప్పినా ఎడమకాలికి పట్టనట్టే, కుడిచేతి కత్తెరను ఎన్నిసార్లు తిరగేసినా అది ఎడమచేతి కత్తెర కాదు.

కుడిచేతివాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాదు. ఎడమచేతివాటం ఉన్న పిల్లకు మాత్రం బళ్లో రంగు కాగితాలు కత్తిరించే రోజునే ఇది ఎదురవుతుంది. కాగితం తెగదు. అలుగుల మధ్య ఇరుక్కుని నలిగిపోతుంది. పక్కపిల్లలవి నున్నగా తెగుతుంటాయి. టీచరమ్మ వచ్చి సరిగ్గా పట్టుకోమంటుంది. పిల్ల సరిగ్గానే పట్టుకుంది. కానీ తన చేతిలోనే ఏదో లోపం ఉందని ఆ రోజునుంచి అనుకోవడం మొదలుపెడుతుంది.

లోపం చేతిలో లేదు. పనిముట్లకు కూడా చేతివాటం ఉంటుంది. అది పైకి కనిపించదు, కానీ ఎక్కడ చూడాలో తెలిస్తే దొరుకుతుంది. ఎడమచేతివాళ్లు తమకు తగిన కత్తో కత్తెరో వెతుక్కోవాలంటే ముందు తెలుసుకోవలసింది అదే.

మేకు దగ్గర జరిగేది

కత్తెర కాగితాన్ని కోసేది పదునుతో మాత్రమే కాదు. రెండు అలుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్లాలి. వాటి మధ్య వెంట్రుకవాసి సందు వచ్చినా కాగితం తెగడం మాని ఆ సందులోకి మడతపడిపోతుంది. అలుగుల్ని దగ్గరగా పట్టి ఉంచేది మధ్యలోని మేకు అని మనం అనుకుంటాం. సగం పని మేకుదే. మిగతా సగం మన వేళ్లది.

కుడిచేత్తో కత్తెర మూస్తున్నప్పుడు బొటనవేలు పిడిని సూటిగా కిందికే నొక్కదు. తెలియకుండానే కాస్త ఎడమకు నెడుతుంది. మిగతా వేళ్లు రెండో పిడిని కుడికి, అంటే అరచేతివైపు లాగుతాయి. పిడి ఒక పక్కకు కదిలితే మేకు అవతలున్న అలుగు దానికి ఎదురుపక్కకు కదలాలి కదా. బొటనవేలు పట్టిన పిడి కింది అలుగుది. అది ఎడమకు జరిగితే కింది అలుగు కుడికి వస్తుంది. వేళ్ల పిడి కుడికి జరిగితే పై అలుగు ఎడమకు వస్తుంది. పై అలుగు ఉన్నది కుడిపక్కన, కింది అలుగు ఉన్నది ఎడమపక్కన. కాబట్టి రెండూ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. మేకు కాస్త వదులైన పాత కత్తెర కూడా కుడిచేతిలో బాగానే కోస్తుంది.

అదే కత్తెర ఎడమచేతిలోకి వస్తే లెక్కంతా తలకిందులు. బొటనవేలు కుడికి నెడుతుంది, వేళ్లు ఎడమకు లాగుతాయి, అలుగులు విడిపోతాయి. కొత్త కత్తెరైతే మేకు బిగువు వల్ల ఎలాగో నెట్టుకొస్తుంది. కాస్త అరిగిందంటే ఇక మొరాయిస్తుంది. చిన్నప్పటి నుంచీ దాంతోనే పెరిగిన ఎడమచేతివాళ్లు బొటనవేలిని లోపలికి వంచి, సహజమైన కదలికకు విరుద్ధంగా లాగడం నేర్చుకుంటారు. కోత కుదురుతుంది. గంటసేపు బట్ట కత్తిరిస్తే మాత్రం బొటనవేలి మొదట్లో పోటు, కణుపు మీద బొబ్బ మిగులుతాయి.

రెండో ఇబ్బంది కంటికి సంబంధించింది. కుడిచేతిలో కత్తెర ఉన్నప్పుడు మన చూపు దానికి ఎడమపక్క నుంచి పడుతుంది. పై అలుగు కుడిపక్క ఉంది గనక కోత పడే గీత తేటగా కనిపిస్తుంది. ఎడమచేతిలోకి మారితే చూపు కుడిపక్క నుంచి వస్తుంది, పై అలుగు సరిగ్గా ఆ గీతకే అడ్డం నిలుస్తుంది. సుద్దతో గీసిన గీత వెంట కోయాల్సిన దర్జీకి ఇది చిన్న విషయం కాదు.

మన దర్జీల బల్లల మీద కనిపించే బరువైన కత్తెరల్లో చాలావాటి పిడిని బొటనవేలి వాలుకు తగినట్టు ఒక పక్కకు ఒంచి పోతపోస్తారు. ఆ వాలు కుడి బొటనవేలిది. ఎడమచేతిలో ఆ అంచు ఒరుసుకుంటుంది. బజార్లో 'రెండు చేతులకూ' అని అచ్చువేసిన ప్లాస్టిక్ పిడి కత్తెరల సంగతి ఇంకో తమాషా. వాటిలో పిడి మాత్రమే రెండు చేతులది, అలుగులు కుడిచేతివే. నిజమైన ఎడమచేతి కత్తెరలో పై అలుగు ఎడమపక్క ఉంటుంది. మిగతా సోకులన్నీ ఆ తర్వాతే.

పదిమందిలో ఒకరు

ఇంతకీ ఈ పనిముట్లు ఎందరికి కావాలి? ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనల్లో 20 లక్షలకు పైగా మనుషుల లెక్కలను కూర్చి 2020లో ఒక పెద్ద విశ్లేషణ వెలువడింది. దాని ప్రకారం ఎడమచేతివాళ్లు 10.6 శాతం. ఎవరిని ఎడమచేతివాళ్లనాలి అన్న కొలమానాన్ని బట్టి ఈ అంకె 9.3 నుంచి 18.1 దాకా మారుతుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8.46 కోట్ల మంది ఉన్నారు. పదోవంతు లెక్కన చూసినా 80 లక్షలు దాటుతారు.

కొలమానం దగ్గర పేచీ ఎందుకంటే చేతివాటం అన్ని పనుల్లోనూ ఒకేలా ఉండదు. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమచేత్తో, బ్యాటింగ్ చేసేది కుడిచేతివాటంగా. సౌరవ్ గంగూలీ సరిగ్గా అందుకు తలకిందులు. గాంధీజీ 1909లో కిల్డోనన్ కాసిల్ ఓడమీద 'హింద్ స్వరాజ్' రాస్తూ, కుడిచెయ్యి అలసిపోతే ఎడమచేత్తో నలభై పేజీల దాకా రాశారు. మన ఇళ్లలో మరో మెలిక ఉంది. ఎడంచేత్తో తినకూడదు, ఎడంచేత్తో ఇవ్వకూడదు అని నేర్పుతాం గనక పుర్రచెయ్యి పిల్లలు అన్నం కుడిచేత్తోనే కలుపుతారు. అదే పిల్ల ఉల్లిపాయ తరగమంటే కత్తిని ఎడంచేత్తో అందుకుంటుంది. తినే చెయ్యి ఊరు నేర్పింది, కోసే చెయ్యి ఒళ్లు ఎంచుకుంది.

ఒళ్లు ఎంచుకునేది ఎప్పుడు? ఉత్తర ఐర్లండ్ పరిశోధకుడు పీటర్ హెప్పర్ బృందం గర్భస్థ శిశువులను అల్ట్రాసౌండ్‌లో చూసింది. పదిహేనో వారం నాటికే శిశువులు బొటనవేలు చీకడం కనిపించింది, ఎక్కువమంది చీకేది కుడి బొటనవేలే. వాళ్లలో 75 మందిని పదేళ్లు దాటాక మళ్లీ పిలిచి చూస్తే, కుడి బొటనవేలు చీకిన 60 మందీ కుడిచేతివాళ్లే అయ్యారు. ఎడమ బొటనవేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాళ్లయ్యారు, ఐదుగురు కుడికి మళ్లారు. అంటే బడి గడప తొక్కకముందే, అమ్మ గోరుముద్ద పెట్టకముందే మొగ్గు మొదలైపోయింది.

జన్యువుల పాత్ర ఉంది, కానీ దాన్ని ఒక్క జన్యువుకు అంటగట్టలేం. 17 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన 2021 నాటి అధ్యయనం ఎడమచేతివాటంతో ముడిపడిన 41 స్థానాలను గుర్తించింది. కణానికి ఆకారమిచ్చే సన్నటి గొట్టాల వంటి నిర్మాణాలు, మెదడు ఎదుగుదల, ఈ రెంటికీ సంబంధించిన జన్యువులు వాటిలో ఉన్నాయి. ఒక్కోటీ వేసే ప్రభావం చాలా కొంచెం. అందుకే ఒకేపోలిక కవలల్లో కూడా ఒకరు కుడి, ఒకరు ఎడమ కావడం మామూలే.

దంతాల మీద కత్తి గాట్లు

మనిషికి కుడి మొగ్గు ఎంత పాతదో చెప్పిన సాక్షి కూడా కత్తే. రాతియుగపు మనిషి మాంసపు ముక్కనో తోలునో ముందుపళ్లతో కరిచి, ఒక చేత్తో బయటికి లాగి పట్టుకుని, రెండో చేత్తో రాతి చెక్కుతో నోటి దగ్గరే కోసేవాడు. చెక్కు జారినప్పుడు పంటి పింగాణీ మీద గాటు పడేది. కుడిచేత్తో కోస్తే గాటు ఒక వాలులో పడుతుంది, ఎడమచేత్తో కోస్తే దానికి ఎదురువాలులో పడుతుంది. పరిశోధకులు పళ్లకు తొడుగులు వేసుకుని, అచ్చం అలాగే కోసి చూసి ఈ తేడాను రూఢి చేసుకున్నారు.

స్పెయిన్‌లోని అటపుయెర్కా గుహల్లో దొరికిన, నాలుగు లక్షల ఏళ్లు దాటిన దంతాల మీదా, యూరప్ నియాండర్తల్ దంతాల మీదా ఎక్కువగా కనిపించేది కుడిచేతి వాలే. టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో దొరికిన, సుమారు 18 లక్షల ఏళ్ల నాటి ఒక హోమో హాబిలిస్ పైదవడ పళ్ల మీద కూడా అదే వాలు ఉందని డేవిడ్ ఫ్రేయర్ బృందం 2016లో ప్రకటించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రాతి చెక్కుకు పిడి లేదు, మేకు లేదు, ఒక పక్క వాలు లేదు. ఎడమచేతివాడు తీసుకున్నా అది అంతే బాగా కోసేది. పనిముట్టుకు భాగాలు పెరిగి, ఒక్కో భాగం ఒక్కో వేలి కోసం తీర్చిదిద్దడం మొదలయ్యాకే అది ఒక చేతిపక్షం వహించింది. పనిముట్టు ఎంత నాజూకైతే మైనారిటీకి అంత దూరమవుతుంది.

పదునులో దాగిన చెయ్యి

ఇప్పుడు వంటింటి కత్తి దగ్గరకు వద్దాం. మామూలు కూరగాయల కత్తిని అంచు కిందికి, మొన ఎదురుగా పెట్టి వెలుతురులో చూడండి. రెండు పక్కలా సమానంగా సానపట్టి ఉంటే, అంచు సరిగ్గా మధ్యలో ఉంటే, ఆ కత్తికి చేతివాటం లేదు. యూరప్ తరహా కత్తుల్లో ఎక్కువ ఇలాంటివే. ఎడమచేతివాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు.

జపాన్ సంప్రదాయ కత్తులు అలా కాదు. పచ్చిచేపను పలుచగా కోసే యనాగిబా, చేపను తుంచే దేబా, కూరగాయలకు వాడే ఉసుబా, వీటిని ఒక పక్కే ఏటవాలుగా సానపడతారు. రెండో పక్క దాదాపు చదును, నిజానికి నడుమ కాస్త లోతు కూడా. కుడిచేతి కత్తిలో వాలు కుడిపక్కన ఉంటుంది. వంటవాడు ఎడమచేత్తో చేపను అదిమి, కుడి చివర నుంచి ముక్కలు తీస్తాడు. చదును పక్క మిగతా చేపకు ఆనుతుంది, వాలు పక్క ముక్కను నెట్టి విడదీస్తుంది. ఏ కత్తైనా వాలున్న పక్క నుంచి చదునున్న పక్కకు జరగాలని చూస్తుంది. కుడిచేతివాడి పనిలో చదును పక్కన మిగతా చేప మొత్తం దన్నుగా ఉంటుంది, కాబట్టి కత్తి నిలకడగా దిగుతుంది.

అదే కత్తి ఎడమచేతివాడు పడితే ముక్క ఎడమ చివర నుంచి వస్తుంది. ఇప్పుడు వాలు మిగతా చేపవైపు, చదును పలుచటి ముక్కవైపు. కత్తి ఆ ముక్కవైపే ఒరుగుతుంది, దాన్ని ఆపే దన్ను అక్కడ లేదు. ముక్క పైన మందంగా మొదలై కింద కాగితమంత పలుచగా ముగుస్తుంది. చెయ్యి ఎంత తిరిగిన వంటవాడైనా ఇక్కడ చేయగలిగింది మణికట్టు వంచి సర్దుకోవడమే. ఎడమచేతి యనాగిబా దొరుకుతుంది, ఒసాకా పక్కనున్న సకాయ్ కమ్మరులు చేసిస్తారు. అయితే దానికి ధర ఎక్కువ, తరచు చెప్పి చేయించుకోవాలి. కొన్ని జపాన్ కత్తుల పిడి కూడా ఒక పక్క ఉబ్బెత్తుగా, కుడి అరచేతికి సరిపోయేలా ఉంటుంది. ఎనిమిది పలకల పిడి అయితే ఏ చేతికైనా ఒకటే.

జపాన్ దాకా పోనక్కర్లేదు. మన ఇళ్లలోకి వచ్చిన బ్రెడ్డు కత్తి చూడండి. చాలా వాటిలో రంపపు పళ్లు ఒక పక్కే చెక్కి ఉంటాయి, ఎక్కువగా కుడిపక్కే. ఎడమచేత్తో కోస్తే బ్రెడ్డు ముక్క కిందికి వచ్చేసరికి సన్నబడటానికి కారణం ఇదే, సూత్రం యనాగిబాదే. కత్తిని రెండు పక్కలా తిప్పి చూసి, పళ్లు ఏ పక్క మెరుస్తున్నాయో గమనిస్తే చాలు.

మడత చాకుల్లో చిక్కు అంచులో కాదు, చుట్టుపక్కల ఉంటుంది. అలుగును తెరిచే గోటిగాడి ఒక ముఖం మీదే ఉంటుంది. తెరిచాక మూసుకుపోకుండా ఆపే లోపలి పట్టీని కుడి బొటనవేలు తేలిగ్గా నెట్టేలా అమరుస్తారు. ఎడమచేతివాళ్లు చూపుడువేలితో తంటాలు పడాలి. అది అంచుకు దగ్గరగా జరిగే పని కనక ప్రమాదం కూడా. జేబుకు తగిలించే క్లిప్పు కుడిపక్కే బిగించి ఉంటుంది. అందుకే ఎడమచేతివాళ్లు మూడు విషయాలు చూసి కొంటారు: వెన్ను మీద నొక్కితే విడే తాళం, అలుగు రెండు ముఖాల నుంచీ అందే తెరుపు, రెండు పక్కలా బిగించుకునే వీలున్న క్లిప్పు. స్పైడర్‌కో సంస్థ 1981లో అలుగుకు గుండ్రటి రంధ్రం పెట్టి చాకు తెచ్చింది. రంధ్రానికి కుడి ఎడమలు లేవు గనక ఏ బొటనవేలైనా దాన్ని తెరవగలదు. విక్టోరినాక్స్ దారి వేరు. తన స్విస్ చాకుల్లో కొన్నింటిని పూర్తిగా అద్దంలో బొమ్మలా తిప్పి, ఎడమచేతి నమూనాగా అమ్మింది.

ఎడమచేతివాళ్ల సమస్యకు ఉన్న పరిష్కారాలన్నీ చివరికి ఈ రెండే. ఒకటి, పనిముట్టును అద్దంలో తిప్పి రెండో నమూనా చేయడం. రెండోది, అసలు చేతివాటమే లేకుండా చేయడం. స్విట్జర్లాండ్‌లో 1947లో వచ్చిన రెక్స్ పీలరు రెండో దారికి చక్కటి ఉదాహరణ. కవాటంలా ఊగే అలుగును అడ్డంగా, రెండు కొమ్మల మధ్య నిలబెట్టారు. ఏ చేత్తో లాగినా తొక్క ఒకేలా వస్తుంది. నేటికీ అదే ఆకారం మన గిన్నెల కొట్లలో దొరుకుతోంది.

కత్తిపీట, కొడవలి

మన కత్తిపీటను ఈ దృష్టితో చూస్తే ముచ్చటేస్తుంది. అలుగు కదలదు, కూరగాయ కదులుతుంది. పీటను కాలితో అదిమి, రెండు చేతులతోనూ వంకాయనో గుమ్మడి ముక్కనో పట్టి అలుగుకు ఒత్తుతాం. పట్టుకోవడానికి పిడి లేదు గనక అది ఏ చేతి పక్షమూ వహించదు. ఏ కాలు మోపాలి, ఏ చెయ్యి ముందు నడిపించాలి అనేది కూర్చున్న మనిషి ఇష్టం. కత్తి ఎడంచేత్తో పట్టే కోడలు అత్తగారి కత్తిపీట మీద ఏ ఇబ్బందీ లేకుండా బెండకాయలు తరిగేస్తుంది. కొబ్బరికోరుదీ అదే తీరు. గుండ్రటి పళ్ల తలకు కుడి ఎడమలుండవు. బల్లకు బిగించి, మర తిప్పి కోరే కొత్తరకం కోరు వచ్చాకే చిప్ప ఏ చేతిలో, మర ఏ చేతిలో అన్న ప్రశ్న పుట్టింది.

కొడవలి అంత ఉదారం కాదు. పళ్లు ఒక ముఖం మీదే చెక్కిన కొడవలి ఒక చేతిదే. ఎడమచేతిలో పళ్ల వాలు తిరగబడి, దుబ్బు తెగకుండా జారుతుంది. కానీ కొడవలికి ఒక వెసులుబాటు ఉండేది. కమ్మరి కొలిమి దగ్గర నిలబడి 'నాది పుర్రచెయ్యి' అంటే, ఉలిని రెండో ముఖం మీద పెట్టి పళ్లు కొట్టడానికి అతనికి అదనపు అచ్చు అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఫ్యాక్టరీలో సంగతి వేరు. ఎడమచేతి నమూనా అంటే మరో అచ్చు, మరో పెట్టె, దుకాణంలో మరో అర. పదిమందిలో ఒకరే కొంటారు గనక సరుకు కదలదు. కదలదు గనక దుకాణదారు తెప్పించడు. కంటికి కనిపించదు గనక ఎడమచేతివాళ్లకే అలాంటిది ఉంటుందని తెలియదు. లండన్ బీక్ వీధిలో 1968లో తెరిచిన ఎడమచేతి వస్తువుల దుకాణం ఈ చక్రాన్ని తెంపిన తొలి ప్రయత్నాల్లో పేరున్నది. బ్రిటన్ నలుమూలల్లోని గిరాకీని ఒకచోట చేర్చింది. 2006లో ఆ కొట్టు మూతపడి వ్యాపారం ఇంటర్నెట్‌కు మారింది. అమలాపురంలోనో ఆర్మూరులోనో కూర్చుని ఎడమచేతి కత్తెర తెప్పించుకోగలగడం ఈ మార్పు పుణ్యమే.

ముంజెయ్యి చెప్పే లెక్క

స్క్రూలో అలుగు లేదు, అంచు లేదు, చూడటానికి ఏ పక్షమూ లేదు. అయినా దానికీ చెయ్యి ఉంది. మోచెయ్యి వంచి, అరచెయ్యి పైకి వచ్చేలా ముంజేతిని తిప్పడంలో మనకు బలం ఎక్కువ, ఎందుకంటే ఆ తిప్పుడుకు దండచేతి ముందు కండరం తోడొస్తుంది. అరచెయ్యి కిందికి తిప్పేటప్పుడు ఆ సాయం ఉండదు. కుడిచేతికి ఆ బలమైన తిప్పుడు గడియారపు దిశలో సాగుతుంది, స్క్రూ బిగిసేదీ అదే దిశలో. ఎడమచేతికి బలమైన తిప్పుడు దానికి ఎదురు. అందుకే ఎడమచేతివాళ్లకు స్క్రూ బిగించడం కష్టం. బదులుగా, తుప్పుపట్టి మొండికేసిన స్క్రూను ఊడదీయడంలో వాళ్లదే పైచెయ్యి.

మిగతావి తొందరగా దాటేద్దాం. పక్కమూతి గరిటె ఎడమకే వంపుతుంది. కొలత జగ్గును ఎడమచేత్తో ఎత్తితే అంకెలు అవతలిపక్కకు పోతాయి. పరీక్ష హాల్లో కుర్చీకి కుడిపక్క బిగించిన రాతపలక ఎడమచేతి విద్యార్థిని మూడు గంటలు మెలితిప్పి కూర్చోబెడుతుంది.

మార్చుకోకూడని చోట్లు

కొన్ని పరికరాల్లో చెయ్యి మార్చడం ఇబ్బంది కాదు, ప్రమాదం. చెట్లు నరికే గొలుసు రంపం కుడిచెయ్యి వెనక పిడి మీద, ఎడమచెయ్యి ముందు పిడి మీద ఉంటుందని లెక్కవేసి తయారైంది. అలా పట్టుకుంటేనే రంపం ఒంటికి ఒక పక్కగా ఉంటుంది. చేతులు మార్చి పట్టుకుంటే, రంపం ఎగదన్నినప్పుడు దాని దారిలో మెడా భుజమూ ఉంటాయి. ఎడమచేతివాళ్లైనా దీన్ని కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకోవాలి. యాంగిల్ గ్రైండర్ నయం. చాలా వాటి పక్కపిడిని రెండో పక్కకు మార్చి బిగించుకోవచ్చు, రక్షణ రేకును కూడా దానికి తగ్గట్టు తిప్పుకోవాలి.

బ్రిటిష్ సైన్యపు ఎస్ఏ80 తుపాకీ ఖాళీ తూటా గొట్టాలను కుడిపక్కకు, కాల్చేవాడి ముఖం పక్క నుంచే చిమ్ముతుంది. ఎడమభుజానికి ఆనిస్తే అవి ముఖానికి తగులుతాయి. కాబట్టి ఎడమచేతి సైనికులకు కూడా కుడిభుజమే గతి. ఆస్ట్రియా తుపాకీ స్టయర్ ఏయూజీని కూడా అలాంటి అమరికతోనే చేశారు, కానీ లోపలి భాగం మార్చుకుంటే గొట్టాలు ఎడమపక్కకు వచ్చే ఏర్పాటు ముందే పెట్టారు. ఆపరేషన్ గదిలో రక్తనాళాలను బిగించి పట్టే క్లాంపుల తాళం కుడి బొటనవేలి సహజమైన నెట్టుడుతో విడుతుంది. ఎడమచేతి సర్జన్ వేళ్లను ఎదురు దిశలో నడపడం విడిగా సాధన చేయాలి, లేదా ఎడమచేతి పరికరాల సెట్టు తెప్పించుకోవాలి.

హాకీలో మాత్రం నిబంధనే తలుపు మూసేసింది. హాకీ కర్రకు చదునైన ముఖం ఎడమపక్కే ఉండాలి, బంతిని ఆ ముఖంతోనే ఆడాలి. ఎడమచేతి కర్ర అనేదానికి ఆటలో చోటే లేదు. ధ్యాన్‌చంద్ దేశంలో పుట్టిన ఎడమచేతి పిల్లలంతా హాకీలో కుడిచేతి వాళ్లే!

నింద ఎవరి మీద వేయాలి

ఎడమచేతివాళ్లు కుడిచేతివాళ్ల కన్నా తొమ్మిదేళ్లు ముందు చనిపోతారన్న మాట ఇప్పటికీ చలామణీలో ఉంది. దీని మూలం 1991లో స్టాన్లీ కోరెన్, డయాన్ హాల్పెర్న్ కాలిఫోర్నియా మరణాల మీద చేసిన పరిశీలన. చనిపోయిన కుడిచేతివాళ్ల సగటు వయసు 75, ఎడమచేతివాళ్లది 66 అని తేలింది. పనిముట్లూ యంత్రాలూ తమకు ఎదురుగా ఉండటమే ఒక కారణం కావచ్చని వాళ్లు వాదించారు. వినడానికి నమ్మేలా ఉంది. లెక్కలో ఒక బొక్క ఉంది.

ఆ కాలపు ముసలివాళ్లు చిన్నతనంలో బెత్తం దెబ్బలు తిని కుడిచేతికి మారినవాళ్లు. నేషనల్ జియోగ్రాఫిక్ 1986లో వాసనల మీద జరిపిన సర్వేలో చేతివాటం కూడా అడిగింది. పది లక్షలకు పైగా పాఠకులు జవాబిచ్చారు. ఎడమచేత్తో రాసేవాళ్లు ముదుసళ్లలో మూడు నాలుగు శాతం, యువతలో పది శాతం పైన తేలారు. వృద్ధ తరంలో ఎడమచేతివాళ్లే తక్కువ ఉన్నప్పుడు, చనిపోయిన ఎడమచేతివాళ్లలో చిన్నవయసు వాళ్ల పాలు ఎక్కువ కనిపించక తప్పదు. వాళ్ల ఆయుష్షు తరగలేదు, వాళ్ల తరం మారింది.

బలవంతంగా మార్చినా చెయ్యి మారుతుందేమో గాని మెదడు పూర్తిగా మారదు. కుడిచేత్తో రాయడానికి అలవాటు పడిన ఎడమచేతివాళ్ల మెదళ్లను స్కాన్ చేసిన పరిశోధనల్లో, పుట్టుకతో కుడిచేతివాళ్లైన వాళ్లకూ వీళ్లకూ దశాబ్దాల తర్వాత కూడా తేడా కనిపించింది. బెత్తం పోయింది. దాని పని ఇప్పుడు కత్తెర చడీచప్పుడు లేకుండా చేస్తోంది.

కొనేముందు, చేసేముందు

ఎడమచేతివాళ్లు బజారుకు వెళ్లినప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తేల్చవచ్చు. కత్తెర, ఒకపక్క వాలు కత్తి, బ్రెడ్డు కత్తి, వీటికి అద్దం నమూనానే కొనాలి, సర్దుబాటు పనికిరాదు. కూరగాయల కత్తికి అంచు మధ్యలో ఉంటే చాలు, 'ఎడమచేతిది' అన్న చీటీకి అదనంగా చెల్లించనక్కర్లేదు. పీలరు, మడత చాకు, గరిటె రెండు చేతులకూ పనికొచ్చేవి ఎంచుకోండి, ఇంట్లో అందరికీ అక్కరకొస్తాయి. పదునుపెట్టే అతనికి ఒకపక్క వాలు కత్తి ఇచ్చేటప్పుడు ఏ పక్క సానపట్టాలో చెప్పి ఇవ్వండి, లేకపోతే అలవాటు కొద్దీ కుడిచేతి కత్తిగా మార్చి తెస్తాడు. ఇన్నేళ్లు కుడిచేతి కత్తెరతో బొటనవేలు వంచడం నేర్చుకున్న పెద్దవాళ్లకు కొత్త ఎడమచేతి కత్తెరతో మొదట్లో తెగకపోవచ్చు. చెయ్యి పాత అలవాటును మరిచిపోయేదాకా కొన్నాళ్లు ఓపిక పట్టాలి. పిల్లలకు ఆ బాధ లేదు. అందుకే మొదటి కత్తెరే సరైనది కావాలి. నలభైమంది ఉన్న తరగతికి కత్తెరలు కొనే బడి, నాలుగు ఎడమచేతివి కలిపి కొంటే సరిపోతుంది.

మిగిలిన పని తయారుచేసేవాళ్లది. క్లిప్పుకు రెండో పక్క కూడా రెండు బెజ్జాలు వేయడం, జగ్గుకు రెండు పక్కలా అంకెలు అచ్చువేయడం, పిడిని సమంగా పోతపోయడం, ఇవన్నీ నమూనా గీసే దశలో దాదాపు ఖర్చు లేని పనులు. అచ్చు తయారయ్యాక అదే మార్పు కోరితే కొత్త అచ్చు ఖరీదు పెట్టాలి. ఆ ఖరీదును చివరికి మోసేది పదోవంతు కొనుగోలుదారులే. నమూనా గీసేవాళ్ల గదిలో ఎడమచేతివాళ్లు ఒకరుంటే ఈ ప్రశ్న దానంతటదే వస్తుంది. లేనప్పుడు, నమూనాను ఒకసారి ఎడమచేతిలోకి తీసుకుని వాడి చూడాలన్న నియమం పెట్టుకుంటే చాలు.